రివెట్ వెనక మనిషి



ఈ వారం మీకు ఒక పాత యుద్ధవిమానం సంగతి చెప్పాలనుంది. దాని పేరు బి-24 లిబరేటర్. నాలుగు ఇంజన్లు, ఈ కొస నుంచి ఆ కొసకు 110 అడుగుల రెక్కలు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఇలాంటివి 18,000కు పైగా తయారుచేసింది. బాంబులు వేయడానికే పుట్టిన విమానం అది. ఆ మాట మరిచిపోయి దాన్ని పొగడను. దాన్ని బాగుచేసిన చేతుల గురించే ఈ నాలుగు మాటలు.

వాటిలో ఒకటి 1944 ఆగస్టులో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో తయారై బ్రిటిష్ వాయుసేనకు వెళ్ళింది. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాళ్ళు దాన్నీ, దాని తోటి విమానాలనూ మన కాన్పూర్‌లో వదిలేశారు. ఊరికే వదల్లేదు. మళ్ళీ ఎవరూ ఎగరేయకూడదని పాడుచేసి మరీ వెళ్ళారు. ఇంజన్లలో ఇసుక పోశారనీ, రెక్కల రేకులకు చిల్లులు పొడిచారనీ చెబుతారు.

1948లో, కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశం ఆ తుక్కు వైపు చూసింది. బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పనివాళ్ళు కాన్పూర్ వెళ్ళి, బెంగుళూరు దాకా ఎగరగలిగేంత మట్టుకు వాటికి అతుకులు వేశారు. జంషెడ్ మున్షీ అనే పైలట్ వాటిని నడుపుకుంటూ తెచ్చారు. అక్కడ పూర్తిగా బాగుచేశారు. అలా 40 దాకా విమానాలు లేచాయి. 1968 వరకు మన వాయుసేనలో పనిచేశాయి. ఆ తర్వాత కొన్ని ఇంగ్లండు, కెనడా, అమెరికా మ్యూజియాలకు చేరాయి. ఒకటి ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో ఉంది.

నేను మొదట చెప్పిన విమానం 1984లో అమెరికాలోని కాలింగ్స్ ఫౌండేషన్ చేతికి వచ్చింది. ముందు దాన్ని కదలని ప్రదర్శనగానే నిలపాలనుకున్నారు. యుద్ధంలో ఆ రకం విమానాల్లో పనిచేసిన ముసలి సైనికులు, ఎగిరేలా చేయండని పట్టుబట్టారు. దాదాపు 97,000 పనిగంటలు పట్టింది. 1989లో మళ్ళీ ఎగిరింది. దాని ముక్కు మీద మొదట ‘ఆల్ అమెరికన్’ అని రాశారు. 1998లో ‘డ్రాగన్ అండ్ హిజ్ టెయిల్’ అని మార్చారు. 2005లో ‘విచ్‌క్రాఫ్ట్’ అయింది. అవన్నీ యుద్ధంలో ఎగిరిన వేరే విమానాల పేర్లు. ఆ సైనికులకు గౌరవం దక్కడం న్యాయమే. కానీ కాన్పూర్ దుమ్ములోంచి దాన్ని లేపినవాళ్ళ కథ ఆ మూడు పేర్లలో ఒక్కదానిలోనూ లేదు.

మా సంఘంలో ఒక పెద్దాయన కుర్రతనంలో బెంగుళూరు విమానాల ఫ్యాక్టరీలో పనిచేశారు. రివెట్ ఎలా కొడతారో ఆయనే నాకు విడమరిచి చెప్పారు. “ఒక్కడి వల్ల అయ్యే పని కాదయ్యగారూ. బయట ఒకడు మిషన్‌తో కొడుతుంటే, లోపల ఇంకొకడు ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. వాడు గట్టిగా పట్టకపోతే రివెట్ కూర్చోదు. రేకు బిగిశాక వాడక్కడ ఉన్నాడని ఎవరికీ తెలీదు” అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే ఈ నెలలోనే మా పాత మందిరం మరమ్మతు పూర్తయింది. గోడకు పాలరాయి వేయించాలని పెద్దలు కూర్చున్నారు. పదివేలు దాటి ఇచ్చినవాళ్ళ పేర్లు చెక్కించాలన్నది వాళ్ళ ఆలోచన. దాతల పేర్లు వేయండి, వాటి పక్కనే, అంతే సైజు అక్షరాల్లో, పనిచేసినవాళ్ళ పేర్లూ వేయండి అన్నాను. తాపీమేస్త్రీలు, ఇటుకలు మోసిన అమ్మలు, మొదటిసారి ఈ గోడలు లేచినప్పుడు చెరువు నుంచి నీళ్ళు తెచ్చినవాళ్ళు, అందరూ ఉండాలన్నాను.

ఒక దాత లేచి నిలబడ్డారు. “కూలి తీసుకున్నవాళ్ళకి మళ్ళీ పేరెందుకండీ?” అన్నారు. కోపంగా అన్నా, అడగదగ్గ ప్రశ్నే. బెంగుళూరు పనివాళ్ళూ జీతం తీసుకున్నారు కదా. కానీ కూలి ఆ రోజు కష్టానికి ఇచ్చేది. మనం రాతి మీద చెక్కేది రేపటి పిల్లలకు చెప్పే సాక్ష్యం. సగం చెప్పిన సాక్ష్యాన్ని నిజమని ఎలా అంటాం? యెరూషలేము గోడను తిరిగి కట్టినప్పుడు ఎవరెవరు ఏ భాగం బాగుచేశారో నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం వరసపెట్టి చెబుతుంది. అందులో కంసాలి ఉన్నాడు, పరిమళ ద్రవ్యాలు చేసేవాడున్నాడు, తండ్రితో కలిసి పనిచేసిన కూతుళ్ళున్నారు. ఎవరు ఎంత చందా ఇచ్చారన్న లెక్క మాత్రం ఆ అధ్యాయంలో కనపడదు.

ఆ దాత మందిరానికి రావడం మానలేదు గానీ, నాతో ఇంకా మాట్లాడటం లేదు. ఆయన కోసం ప్రార్థిస్తున్నాను. ఆయన పేరు కూడా ఆ రాతి మీద ఉండాలన్నదే నా కోరిక. పెద్దలు నెల గడువు ఇచ్చారు. ఈలోగా సాయంత్రాలు వీధి వీధీ తిరిగి అడుగుతున్నాను. ఇప్పటికి పదకొండు పేర్లు దొరికాయి. నలుగురు చనిపోయారు, ఒకామెకు చూపు లేదు. ఈ ఊరు వదిలి వెళ్ళిన మీలో ఎవరి అమ్మగానీ తాతగానీ ఆ గోడలకు ఇటుక అందించి ఉంటే, దయచేసి నాకు చెప్పండి. ఇంటిపేరుతో సహా చెప్పండి.