పట్ట లేని బండి

నాకు కార్ల పిచ్చి లేదు. ముందే చెప్పేస్తే మంచిది. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో రెండేళ్లు పనిచేశాను. అక్కడ ఏటా ఆగస్టులో ఒక శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాతకార్ల ఊరేగింపు జరుగుతుంది. వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అంటారు. జనం షెడ్లలో దాచుకున్న బండ్లన్నీ తుడిచి బయటికి తీస్తారు. మిగతావాళ్లు రోడ్డు పక్కన మడత కుర్చీలేసుకుని జాతర చూసినట్టు చూస్తారు. రూమ్మేట్ లాక్కెళ్తే నేనూ వెళ్లాను.

పెట్రోల్ బంకు పక్కన ఒక ఎర్ర కారు ఆగి ఉంది. టాప్ లేదు. దాని పెద్దమనిషి గుడ్డతో బానెట్ తుడుస్తూ, "1953 క్యాడిలాక్ ఎల్డొరాడో. మొత్తం 532 మాత్రమే చేశారు" అన్నాడు. మనవడి ఎంసెట్ ర్యాంకు చెప్పినట్టే చెప్పాడు. ఫోటో తీసి అమ్మకు పంపాను. అచ్చంపేటలో అప్పుడు రాత్రి అన్నం వేళ. వెంటనే ఫోన్ చేసింది.

"అంత పెద్ద కారుకు పట్ట లేదేందిరా?"

ఉందనీ, మడిచి వెనక దాచారనీ, అసలు టాప్ తీయగలిగే కారుకే ధర ఎక్కువనీ చెప్పాను. అమ్మ చాలాసేపు నవ్వింది. "పట్ట లేని బండికి ఎవడన్న ఎక్కువ పైసలిస్తడా?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రూముకొచ్చి ఆ కారు గురించి చదవడం మొదలుపెట్టాను. 1902లో పుట్టిన క్యాడిలాక్‌కు 50 ఏళ్లు నిండిన సందర్భంలో ఒక ప్రదర్శన కారు చేశారు. దానికి పేరు కోసం కంపెనీలోనే పోటీ పెడితే, ఒక సెక్రటరీ సూచించిన 'ఎల్డొరాడో' గెలిచింది. ఒంటికి బంగారం పూసుకునే రాజు గురించి స్పానిష్ వాళ్లు చెప్పుకున్న కథలోని పేరు అది. 1953 జనవరిలో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసి ఊరేగింది ఈ కారులోనే, నిలబడి, జనానికి చేతులూపుతూ. ధర 7,750 డాలర్లు. అదే కంపెనీ మామూలు కన్వర్టిబుల్ 4,144 డాలర్లకే వచ్చేది. అప్పుడు డాలరుకు 4.76 రూపాయలు. అంటే ఎల్డొరాడో దాదాపు 37 వేల రూపాయలన్నమాట. మా వైపు అలాంటివి కొనగలిగిన వనపర్తి, గద్వాల సంస్థానాల రోజులు అప్పటికే అయిపోయాయి. వనపర్తి రాజుగారి ప్యాలెస్ 1959లో పాలిటెక్నిక్ అయింది.

ఆ 532 కార్లు ఒకరకంగా మేం చేసే బీటా రిలీజ్ లాంటివి. పక్కలకు ఒంపు తిరిగిన ముందు అద్దాన్ని ముందు ఇలాంటి కొద్ది కార్లలో పెట్టి చూశారు. మరుసటి ఏడాదికి అది మామూలు క్యాడిలాక్‌లకూ వచ్చేసింది. ఎల్డొరాడో ధర కూడా తగ్గించి 1954లో రెండువేలకు పైగా చేశారు. కానీ నాకు బాగా నచ్చింది వేరే. మడిచిన టాప్ మీదికి ఒక ఇనుప మూత వస్తుంది. అది మూసేస్తే ఆ బండికి ఎప్పుడైనా కప్పు ఉండేదన్న ఆనవాలే కనిపించదు.

మా జీపు పట్టకు అలాంటి మర్యాద లేదు. తొంభైల్లో నాయిన అచ్చంపేట నుంచి మన్ననూరు దాకా కమాండర్ జీపు నడిపేవాడు. పట్ట చినిగిన ప్రతిసారీ అమ్మ వాకిట్లో పరుచుకుని దబ్బనంతో కుట్టేది. వానొస్తే ఆ కుట్ల వరసలోనే ప్యాసింజర్ల నెత్తి మీద కారేది. శివరాత్రికి శ్రీశైలం జనం ఎక్కువైతే పట్ట తీసేసి పైపులు పట్టుకుని నిలబడనిచ్చేవాడు.

2006లో నాకు ఇంజనీరింగ్ సీటొచ్చింది. ఆ నెలే జీపు అమ్మేశాడు. "ఆటోలొచ్చినయి, జీపులకు గిరాకి లేదు" అన్నాడు. కొన్నాయన కొత్త పట్ట వేయించుకున్నాడు. అమ్మ కుట్టిన పట్ట మా వంటింటి రేకుల మీదికెక్కింది. నాయిన అదే జీపుకు జీతానికి డ్రైవరయ్యాడు.

ఇదంతా తెలిసే నేను హాస్టల్లో "మాకు ఓపెన్ టాప్ జీపుంది" అని చెప్పాను. ఎందుకన్నానో ఇప్పుడు ఎంత వివరించినా సాకులాగే ఉంటుంది. సినిమాల్లో హీరో టాప్ లేని కారులో పాట పాడేవాడు. మా ఇంట్లో ఉన్నవాటిలో దానికి దగ్గరగా వచ్చేది అదొక్కటే. అది కూడా అప్పటికి మాది కాదు. మూడో ఏడాది నలుగురు దోస్తులు శ్రీశైలం పోతూ అచ్చంపేటలో దిగారు. నేను నాయినకు ఏమీ చెప్పలేదు. ఒకడు, "అంకుల్, ఇదేనా మీ జీపు?" అన్నాడు. నాయిన ఒకసారి నావైపు చూశాడు. "ఇదే బిడ్డా, ఎక్కుర్రి" అని తాళ్లు విప్పి పట్ట తీసేశాడు. ఆ మధ్యాహ్నమంతా మమ్మల్ని ఉమామహేశ్వరం తిప్పాడు. వాళ్లు పైపులు పట్టుకుని నిలబడి అరుస్తూ ఫోటోలు దిగారు.

వారం తర్వాత ఫోన్‌లో ఎల్డొరాడో సంగతి నాయినకూ చెప్పాను. ధర అడగలేదు. ఎంతమంది పడతారని అడగలేదు.

"పైన తీసినంక కింద ఏం కట్టిర్రు?" అన్నాడు.

నా దగ్గర ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది. కానీ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. కారుకు కప్పు ఎండవానల కోసమే కాదు, బండిని మెలిపడకుండా పట్టి ఉంచేది కూడా అదే. కప్పు లేకపోతే గుంతల్లో బాడీ ఊగుతుంది, తలుపులు సరిగా పడవు. అందుకని కన్వర్టిబుల్ చాసిస్‌కు అదనంగా ఇనుము వేసి గట్టి చేస్తారు. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది గానీ, అదే మోడల్ కప్పున్న కారుకన్నా బరువెక్కువ. ఎల్డొరాడో రెండు టన్నులు దాటింది. ఇది చెప్తే నాయిన, "అట్ల జెప్పు. పైన తీసుడు ఎవడన్న తీస్తడు" అన్నాడు.

ఫోన్ అమ్మ తీసుకుంది. "పట్ట తీసుడంటే యాదికొచ్చింది. నీ దోస్తులను తిప్పిండు సూడు, ఆ దినం గిరాకి పైసలు ఓనర్‌కు మీ నాయిన జీతంల కెళ్లి కట్టిండు. డీజిల్ గూడ." ఏదో కూరగాయల రేటు చెప్పినట్టు చెప్పి, "అన్నం తిన్నవా?" అనడిగింది.

అప్పటికి పదమూడేళ్లయింది. నేను ఒక్కసారి కూడా అడగలేదు, ఆ మధ్యాహ్నం ఎవరి ఖాతాలో పడిందని. దోస్తుల ముందు పరువు నిలిచిందని మాత్రం గుర్తు పెట్టుకున్నాను.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అడిగాను. ఇప్పుడు నాయినకు మోకాళ్ల నొప్పులు, బండి నడపడం మానేశాడు. వాకిట్లో మంచం మీద కూచుని ఉన్నాడు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు నాయినా?"

"ఏం జెప్పాలె? నువ్వు చెప్పిన్నా నాకు?" అన్నాడు. నేనేమీ మాట్లాడలేకపోయాను. కాసేపాగి తనే నవ్వాడు. "మల్ల పట్ట కట్టేటప్పుడు ఒక తాడు గూడ తెగింది. దాని పైసలు గూడ ఇచ్చిన."