ట్యాంకుబండు మీదుగా ఆఫీసునకు

సికింద్రాబాదులో మోండా మార్కెట్టు వెనుక సందులో మా యిల్లు. హైదరాబాదులో బషీరుబాగున మా ఆఫీసు. రెంటికిని నడుమ దూరము 6.5 కిలోమీటర్లు. పదునెనిమిది సంవత్సరములు ఈ దూరమును సిటీబస్సులో, కడ్డీ పట్టుకొని నిలువబడి గడిపితిమి. అన్నియేండ్లలో ఆ త్రోవను మేము చూచితిమని చెప్పుటకు వీలులేదు. ముందు నిలుచున్నవారి జడలను, కండక్టరు చేతిలోని టిక్కెట్ల యంత్రమును మాత్రము చూచితిమి. 2023వ సంవత్సరము చివరనుండి ఆ త్రోవనే కొంత నడచుచు, కొంత పరుగెత్తుచు పోవుచున్నాము. ఈ త్రోవనుగూర్చియు, దీనివలన మా యింట పుట్టిన రభసనుగూర్చియు సోదరీమణులకు నాలుగు మాటలు వ్రాయవలెనని చాల దినములనుండి అనుకొనుచున్నాము.

ముందుగా పరుగు సంగతి చెప్పవలెను. బడిలో చదువునాడు మేము 800 మీటర్ల పందెమున పరుగెత్తెడివారము. జిల్లా పోటీలలో ఒకమారు రెండవ బహుమానము కూడ వచ్చినది. ఆ వెండి కప్పులో ఇప్పుడు మా పూజగదిలో అగ్గిపెట్టెలు పెట్టుచున్నారు. పెండ్లియైన తరువాత పరుగు మానుమని మాతో ఎవరును చెప్పలేదు. పరుగెత్తుమనియు ఎవరును చెప్పలేదు. దానంతట అదియే పోయినది. ఆ 800 మీటర్ల పందెమునకే ఒక కథ కలదు. 1928లో ఆంస్టర్డాము ఒలింపిక్కులలో స్త్రీలకు మొదటిసారి ఆ పందెము పెట్టిరి. పందెము ముగియగానే కొందరు అలసి నేలపై కూలబడిరని పత్రికలు గగ్గోలుపెట్టెను. పురుషులును అలసి కూలబడుదురు గాని అది వార్త కాలేదు. తరువాత 1960 వరకు ఆ పందెము స్త్రీలకు లేదు. మారథాను పరుగు ఒలింపిక్కులలో స్త్రీలకు దొరకినది 1984లో. ఇంతటి ఆటంకము మాకెవ్వరును పెట్టలేదు. ఇంటిలో గడియారమున్నది, అంతే.

నలుబదిమూడవయేట వైద్యురాలు రక్తపరీక్ష కాగితము చూచి, చక్కెర హద్దుమీద నున్నదనియు, దినమును చురుకుగా నడువవలెననియు చెప్పినది. మా తల్లి చక్కెరవ్యాధితోనే చూపు పోగొట్టుకొన్నది. కావున ఆ మాట మాకు తేలికగా తోచలేదు. కాని నడుచుట ఎప్పుడు? ఉదయము వంటయిల్లు, సాయంకాలము మరల వంటయిల్లు. దినములో ఇంటివారిదియు కాక ఆఫీసువారిదియు కాక మిగిలిన గంట ఏది యని వెదకగా బస్సులో నిలుచున్న గంట యొక్కటియే కనబడినది. ఇంగ్లండులో రాన్ హిల్ అను ప్రసిద్ధుడైన మారథాను వీరుడుండెను. వస్త్రపరిశ్రమలో రసాయనశాస్త్రజ్ఞుడుగా ఉద్యోగము చేయుచునే, ఇంటినుండి పనికిని పనినుండి ఇంటికిని పరుగెత్తుచు సాధన చేసినవాడు. 1970లో బోస్టను మారథానును 2 గంటల 10 నిమిషముల 30 సెకండ్లలో గెలిచెను. 1964 చివరనుండి 2017 మొదటివరకు ఒక్క దినమైనను పరుగు మానలేదు. అతని ఉదయపు ఫలాహారము ఎవరు సిద్ధము చేసిరను సందేహము మాకు లేకపోలేదు గాని, ఉపాయము మాత్రము నచ్చినది.

మేము నడక మొదలుపెట్టిన సమయము మంచి విచిత్రముగా కుదిరినది. సరిగ్గా ఆ డిసెంబరు 9వ తేదీననే తెలంగాణమున స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైనది. మా అత్తగారు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. "పైసలిచ్చి ఎక్కిన దినాలల్ల ఎక్కితివి, ఊకె ఎక్కమన్నంక నడుస్తవా బిడ్డా?" అనిరి. ఆ మాటకు మావారు నవ్విరి. మాకును నవ్వు వచ్చినది. జవాబు మాత్రము తోచలేదు.

ఉదయము ఆరున్నరకు, వెలుగు వచ్చిన తరువాతనే, ఇల్లు విడుతుము. మోండా మార్కెట్టులో అప్పటికే కూరగాయల బండ్లు దిగుచుండును. కొత్తిమీర కట్టలమీద చల్లిన నీరు రోడ్డుమీదికి పారుచుండును. అచ్చట పరుగు పనికిరాదు. క్రింద చూచుకొని నడువవలయును. అటుపిమ్మట మహాత్మాగాంధీ రోడ్డు. బల్లలమీద ఆ పేరే యున్నను ముసలివారు దానిని జేమ్సు స్ట్రీటనియే అందురు. పది గంటలకు ఇచ్చటి కాలిబాటమీద కాలు పెట్ట సందుండదు గాని, ఆ వేళ అంగళ్ళ తలుపులన్నియు మూసియుండుటచేత బాట అంతయు మనదే. రాణీగంజి చేరగానే ఆ సుఖము తీరును. ఇనుపసామానుల అంగళ్ళు, మోటారు పంపులు, సరకు దించు లారీలు, నాలుగు ప్రక్కలనుండి దూసికొనివచ్చు బండ్లు. ఆ కూడలి దాటి కర్బలా మైదానము గడచినంతనే చెంపకు గాలి తగులును. అదియే కట్ట.

హుస్సేను సాగరమును 1562 ప్రాంతమున ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున త్రవ్వించిరి. హైదరాబాదు నగరము కట్టుట 1591లో; సికింద్రాబాదునకు ఆ పేరు వచ్చుట 1806లో. చెరువు ముందు పుట్టినది, ఊళ్ళు రెండును తరువాత వచ్చి దానికి చెరియొక ప్రక్కను కూర్చున్నవి. రెండూళ్ళను కలుపునది ఈ కట్టయే. సికింద్రాబాదునుండి పోవునప్పుడు కుడిచేతివైపు నీరు, ఎడమచేతివైపు దిగువన చెట్లు, ఇండ్లు. సూర్యుడు ఆ ఎడమవైపునుండి లేచి మన నీడను చెరువులోనికి చాచును. నీటి నడుమ బండమీద నిలుచున్న బుద్ధవిగ్రహమును చూచినప్పుడెల్ల మాకు 1990 జ్ఞప్తికి వచ్చును. ఆ యేడు విగ్రహమును తీసికొనిపోవుచున్న బల్లకట్టు ఒరిగి, కొందరు ప్రాణములు కోల్పోయిరి. విగ్రహము నీటిలో మునిగినది. దానిని పైకి తీసి 1992లో నిలిపిరి. ఇప్పుడు ఫొటోలు తీసికొను పిల్లలకు ఆ సంగతి తెలియదు.

ఈ చెరువును పొగడుటయే పనిగా పెట్టుకొనలేదు. వేసవిలో గాలి నిలిచిన ఉదయములందు మురుగువాసన ముక్కు పగులగొట్టును. అట్టి దినములలో పరుగెత్తుట మాని, కొంగు ముక్కున కడ్డము పెట్టుకొని నడచిపోవుదుము. పరుగెత్తునపుడు మనుష్యుడు మామూలుకంటె ఎన్నియో రెట్లు హెచ్చుగా గాలి పీల్చును గనుక అది వట్టి సుకుమారము కాదు. వినాయక నిమజ్జనపు దినములలో కట్టమీద క్రేనులు వరుసతీరును, నడకకు దారియే యుండదు. అప్పుడు అందరివలెనే బస్సు.

కట్టమీద వరుసగా తెలుగు మహనీయుల విగ్రహములున్నవి. 1980 తరువాతి సంవత్సరములలో రామారావుగారి ప్రభుత్వము నిలిపినవి. ముప్పదికి పైగా నున్న వానిలో స్త్రీలను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. రుద్రమదేవి కలదు, మొల్ల కలదు. మాకు ఈ విగ్రహములు గురువులైనవి. ఎట్లనగా, స్వీడను దేశమున 1937 ప్రాంతమున గోస్టా హోల్మేర్ అను శిక్షకుడు ఒక సాధన కల్పించెను. దానిని ఫార్ట్‌లెక్ అందురు, వేగపు ఆట యని అర్థము. గడియారము చూడక, ఎదుట నున్న చెట్టువరకు వేగముగా పరుగెత్తి, తరువాతి మలుపువరకు మెల్లగా పోయి, మరల వేగము పుంజుకొనుట. మేము చెట్లకు బదులు కవులను పెట్టుకొంటిమి. ఒక విగ్రహమునుండి తరువాతి దానివరకు పరుగు, ఆ తరువాతి దానివరకు నడక. మొల్లయెదుట మాత్రము ఎంత అలసినను నడువము. ఇది మా పిచ్చి.

పరుగు నేర్పినవారు మరికొందరు కలరు. మా యింటికి దగ్గరనే ఉజ్జయినీ మహంకాళి గుడి. ఆషాఢమున బోనములు నెత్తిన పెట్టుకొని స్త్రీలు వచ్చుట చిన్ననాటినుండి చూచుచున్నదే. ఒక సంవత్సరము ఊరక నిలుచుండి వారి అడుగులను గమనించితిమి. కుండ కదలకుండుటకు మెడ నిటారుగా, భుజములు వదులుగా, అడుగులు పొట్టిగా, పాదము సరిగా నడుము క్రిందనే పడునట్లు వేయుదురు. మేము బడిలోవలె కాలు ముందునకు చాచి అంగలు వేయుటచేతనే మోకాలు నొచ్చుచున్నదని అప్పుడు తెలిసినది. అడుగు కురుచ చేసితిమి; నెల తిరుగకముందే నొప్పి తగ్గినది.

ఈ పనికి పూనుకొనదలచిన సోదరీమణులకు మా పొరపాట్లు చెప్పుట మంచిది. తొలి నెల వట్టి నడకయే; 1 గంట 20 నిమిషములు పట్టెడిది. రెండవ నెలలో ఉత్సాహపడి పాత క్యాన్వాసు జోళ్ళతో పరుగెత్తగా కాలి బొటనవ్రేలి గోరు నల్లబడి ఊడినది. నూలు మేజోళ్ళు చెమటకు తడిసి బొబ్బలు కట్టించును. పలుచని, త్వరగా ఆరునట్టివి కావలెను. పరుగు వేగము ప్రక్కవారితో మాటలాడుటకు వీలగునంతగా నుండిన చాలును. వీపున సంచిలో అన్నపుగిన్నె పెట్టుకొని పరుగెత్తుట కూడదు, పప్పు అంతయు ఫైళ్ళకు అంటినది. సోమవారము బస్సులో పోయి, వారమునకు వలయు చీరలును తువ్వాళ్ళును ఆఫీసు బీరువాలో సర్దుదుము. తక్కిన నాలుగు దినములును ఉదయము కాలినడక. వానిలో రెండు దినములు మాత్రము సాయంకాలము కూడ. లెక్క వేసినచో వారమునకు 39 కిలోమీటర్లు. బయలుదేరుటకు ముందు ఒక గ్లాసు రాగిజావ. ఉప్మా సంగతి మావారు చూచుకొందురు. మొదటి నెలలో అది ఉప్మా యని చెప్పినగాని తెలిసెడిది కాదు.

ఇప్పుడు పరుగును నడకయు కలిసి 50 నిమిషములలో ఆఫీసు చేరుదుము. ఆ వేళకు అచ్చట ఊడ్చు ఆమె మాత్రమే యుండును. తలుపు తీసి, బకెట్టుతో నీళ్ళు పెట్టి, మా అవతారము చూచి మొదట నవ్వెడిది. ఆమె యిల్లు మా యింటికంటె దూరము. ఎన్నియో యేండ్లు బస్సు చార్జీ మిగుల్చుకొనుటకు నడచియే వచ్చినది. ఉచితము కాగానే మరునాటినుండి బస్సెక్కినది. అదే వారమున మేము బస్సు దిగితిమి. "మీరు పరుగు కోసం నడుస్తున్రు, నేను పని కోసం నడిచిన. కాళ్ళు మాత్రం ఒక్కతీరుగనే గుంజుతయి," అని ఒకనాడు అన్నది. ఆమె నడచిన నడకను ఎవరును సాధన యనలేదు, ఆమెకు బూట్లు కొనుమని ఎవరును సలహా చెప్పలేదు. ఆ మాట విన్న తరువాత మా సాధననుగూర్చి ఆఫీసులో గొప్పలు చెప్పుట తగ్గించితిమి.

2024 ఆగస్టు చివరి ఆదివారమున జరుగు హైదరాబాదు మారథానులో సగము దూరపు పరుగునకు, అనగా 21.1 కిలోమీటర్లకు, రుసుము చెల్లించి పేరిచ్చితిమి. మూడు వారములు మిగిలియుండగా, రాణీగంజి కూడలిలో ఎదురుదారిన వచ్చిన ఒక మోటారుసైకిలు మా మోచేతిని రాచుకొనిపోయినది. క్రింద పడితిమి. మోకాలి చర్మము లేచిపోయినది, కుడి మణికట్టు బెణికినది. ఆ యువకుడు వెనుదిరిగి చూచి, బండి ఆపలేదు. టీకొట్టువారు లేవదీసి కూర్చుండబెట్టిరి.

ఆ సాయంకాలము ఇంటిలో ఎవరును కేకలు వేయలేదు. కేకలు వేసినను బాగుండునేమో. మావారు నెమ్మదిగా, "ఇక చాలు" అనిరి. మా అమ్మాయి తడికన్నులతో మా బూట్లు తీసి అటకమీద పెట్టినది. వారు చెప్పినది అన్యాయమని వాదించుటకు మాకు నోరు రాలేదు. ఆ బండి ఇంకొక మూరెడు ఇటు వచ్చియున్నచో ఈ వ్యాసమే లేదు. కాని బస్సు కడ్డీ పట్టుకొనుటకు కుడిచేయి సహకరింపని ఆ వారములలో, మరల జడలను చూచుచు పోవుచు, మాకు పోయినది వ్యాయామము మాత్రమే కాదని తెలిసినది. దినమునకు 50 నిమిషములు మమ్ము ఎవరును పిలువని చోటు ఒకటి యుండెను, అదియు పోయినది. పందెపు ఉదయమున మా పేరు అచ్చువేసిన బనియను మడత విప్పక, ఎడమచేతితో చాయ కలుపుకొని వాకిట కూర్చుంటిమి.

అత్తగారు అంతయు చూచుచునే యుండిరి. వారు డెబ్బదియేండ్లవారు. పడుచుతనమున పొలమునకు అన్నము మోసికొనిపోవుచు రెండు కోసులు నడచినట్లు చెప్పుదురు. సెప్టెంబరులో ఒకనాడు వారే మనుమరాలిచేత అటకమీది బూట్లు దింపించిరి. "ఆ రాణీగంజి కాడనే గద భయం? ఆడిదాంక నేనొస్త. నువ్వు రోడ్డు దాటినంక మల్లొస్త," అనిరి. మావారు ఏమో అనబోయి ఊరకుండిరి.

మరుసటి సంవత్సరము మేము ఆ 21.1 కిలోమీటర్లను 2 గంటల 51 నిమిషములలో పూర్తిచేసితిమి. వంతెనల ఎక్కుళ్ళవద్ద నడచితిమి. రక్తములో చక్కెర హద్దుకు లోపలనే యున్నది.

అత్తగారు ఇప్పటికిని వారమునకు రెండు దినములు మాతో రాణీగంజి వరకు వచ్చుచున్నారు. ఆ దినములలో మేము పదినిమిషములు ముందుగా బయలుదేరుదుము. వారి నడకకు మా నడక తగ్గించుకొందుము. కూడలిలో చేయెత్తి బండ్లను ఆపుటలో వారికి పోలీసువారికంటె హెచ్చు ధైర్యము. మేము అవతలి ప్రక్క చేరి వెనుదిరిగి చూతుము. వారు అప్పటికే కొంగున ముడివేసిన ఆధారు కార్డు విప్పుకొనుచు, ఉచిత బస్సుకొరకు మెడ చాచి చూచుచుందురు.