స్కోరెంత సార్?

2014 నవంబరు. ఇంటర్ కాలేజ్ ఫుట్‌బాల్ టోర్నమెంటులో క్వార్టర్ ఫైనల్. సెకండాఫ్ మొదలై పది నిమిషాలైంది. 2-1తో మేమే ముందున్నాం. అవతలి జట్టుకు కార్నర్ వచ్చింది. మా స్టాపర్, వాళ్ల ఫార్వర్డ్ ఒకేసారి ఎగిరారు. తలకు తల తగిలిన చప్పుడు టచ్‌లైన్ దగ్గర నిలబడ్డ నాకు వినబడింది. మట్టి గ్రౌండు. మావాడు పడ్డచోట దుమ్ము లేచింది.

పరుగెత్తుకెళ్లాను. మొహాన నీళ్లు చల్లి, రెండు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగాను.

"రెండు సార్."

"ఆడ్తవారా?"

"ఆడ్త సార్. ఏం కాలే."

వీపు తట్టి పంపించాను. అంతా కలిపి ఒక నిమిషం పట్టిందేమో.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. ఆటగాళ్ల బాగోగులు చూడటమే నా ఉద్యోగం. ఆరోజు నా వెనక బెంచీ మీద ముగ్గురు సబ్‌స్టిట్యూట్లు ఉన్నారు. అందులో ఒకడు స్టాపరే. దెబ్బ తగిలిన చప్పుడు వినగానే వాడు లేచి షిన్ గార్డులు సర్దుకున్నాడు. కూర్చోమని చేత్తో సైగ చేశాను. ఆటగాళ్లు లేక ఆడించాను అని చెప్పుకునే వీలు నాకు లేదు. సెమీస్‌కు ప్రిన్సిపాల్ వస్తానన్నారు. అంతకుముందు ఏడాది మొదటి రౌండులోనే ఓడిపోయి వచ్చాం. గెలవాలి, అంతే. నా బుర్రలో ఇంకేమీ లేదు.

ఆ సీజన్ మొదలైన తీరు కూడా చెప్పాలి. జులైలో పొద్దున అయిదున్నరకు పందొమ్మిది మంది పిల్లలతో ప్రాక్టీసు మొదలుపెట్టాను. సగం మందికి సరైన బూట్లు లేవు. గోల్‌పోస్టులకు నెట్లు లేవు. లాలాగూడ నుంచి వచ్చే మా స్టాపర్ మాత్రం అందరికంటే ముందు వచ్చి, గ్రౌండులో రాళ్లు ఏరి బయట పడేసేవాడు. వాళ్ల నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. కుర్రతనంలో ఆయనా ఫుట్‌బాల్ ఆడినవారే.

మొదటి మ్యాచ్ ముందురోజు సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి జకార్తా కథ చెప్పాను. సికింద్రాబాద్, హైదరాబాద్ మైదానాల్లో పెరిగినవాళ్లకు అది ఇంటి కథ. 1962 ఆసియా క్రీడలు. మన రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం, భారత జట్టు కోచ్. అమ్ముగూడ బలరామ్, గోల్‌కీపర్ తంగరాజ్ ఆ జట్టులో ఉన్నారు. డిఫెన్స్‌లో ఆడే జర్నైల్ సింగ్‌కు టోర్నమెంటు మధ్యలో తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతణ్ని సెమీస్ నుంచి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై పీకే బెనర్జీ ఒక గోల్, ఆ కుట్ల తలతోనే జర్నైల్ ఒక గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం సాబ్ మరుసటి ఏడాది జూన్‌లో పోయారు.

చెప్తుంటే నాకే గొంతు పూడుకుపోయింది. పిల్లలు కన్నార్పకుండా విన్నారు. "దెబ్బలు ఎవనికి తగలవురా? లేచి ఆడినోడే ఆటగాడు" అని ముగించాను. ఆ మాట పందొమ్మిది మందిలోనూ నాటుకుంది. అందుకే క్వార్టర్ ఫైనల్లో "ఆడ్తవారా" అన్నప్పుడు వాడు ఇవ్వగలిగిన జవాబు ఒక్కటే. దాన్ని మొదటి మ్యాచ్‌కు ముందే నేను వాడి నోట్లో పెట్టాను.

ఆ కథలో నాకు కనబడింది కుట్లే. కుట్లు పడేది చర్మానికి. లోపల మెదడు అదిరిందో లేదో వాటిని చూస్తే తెలియదు. పైగా రహీం సాబ్ కాలంలో ఆట మధ్యలో ఇంకొకణ్ని దించడమనేదే అరుదు. ప్రపంచ కప్‌లో సబ్‌స్టిట్యూట్లు వచ్చిందే 1970లో. నా వెనక ముగ్గురున్నారు.

ఆ 2014 జులైలోనే, అర్ధరాత్రి దాటాక, బ్రెజిల్ నుంచి ప్రపంచ కప్ ఫైనల్ చూశాం. జర్మనీ కుర్రాడు క్రామర్‌కు 17వ నిమిషంలో తలకు దెబ్బ తగిలింది. ఇంకో పావుగంట దాకా ఆడాడు. "ఇది ఫైనలేనా?" అని అతను తనను అడిగినట్టు రిఫరీ తర్వాత చెప్పాడు. పేపర్లో చదివి స్టాఫ్ రూములో నవ్వుకున్నాం. చివరికి క్రామర్‌ను బయటికి పిలిపించి షుర్లెను దించారు. అదనపు సమయంలో ఆ షుర్లె ఇచ్చిన పాస్‌తోనే గోట్జె గోల్ కొట్టి కప్పు తెచ్చాడు. బదులుగా వచ్చినవాడు ఏం చేయగలడో నాలుగు నెలల ముందు కళ్లారా చూసి కూడా, నావాణ్ని చేసైగతో కూర్చోబెట్టాను.

అన్నిటికంటే చెప్పడానికి కష్టంగా ఉన్నది ఇది. దెబ్బ తగిలాక మావాడు రెండు బంతులు తలతోనే క్లియర్ చేశాడు. చివరి పది నిమిషాల్లో ఒక త్రో-ఇన్ అప్పుడు మా గోల్ వైపు తిరిగి నిలబడి, ఆఫ్‌సైడ్ అని చెయ్యెత్తాడు. ఎటువైపు ఆడుతున్నాడో వాడికి తెలియడం లేదు. నేను చూశాను. చూసి, చేతి గడియారం వైపు తల తిప్పుకున్నాను.

గెలిచాం. అందరం కౌగిలించుకుంటుంటే వాడు నా దగ్గరికి వచ్చి "స్కోరెంత సార్?" అన్నాడు. పిల్లలు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ వచ్చి అదే అడిగాడు.

రాత్రి తొమ్మిదింటికి వాళ్లమ్మ ఫోన్ చేసింది. "సార్, వీడు అడిగిందే అడుగుతున్నడు. రెండుసార్లు కక్కిండు." ఆసుపత్రికి వెళ్లేసరికి వాళ్ల నాన్న బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడి నమస్తే పెట్టారు. ఆ నమస్తేకు నేనేం చేశానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు. స్కాన్‌లో రక్తస్రావం ఏమీ లేదన్నారు. కంకషన్, అంటే మెదడు అదిరింది అన్నారు. అది స్కాన్‌లో కనబడదనీ, స్పృహ తప్పకపోయినా రావచ్చనీ, అది తగ్గకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పనీ డ్యూటీ డాక్టరు ఓపిగ్గా చెప్పింది. తర్వాత ఆడిన రెండు హెడర్లూ నా కళ్లముందు తిరిగాయి.

ఏడు వారాలు తలనొప్పి వదల్లేదు. బస్సు హారన్ వినలేకపోయేవాడు, పుస్తకం పట్టలేకపోయేవాడు. యూనివర్సిటీ సెలెక్షన్స్ పోయాయి. ఆ తర్వాత వాడు మళ్లీ బూట్లు కట్టలేదు. సెమీస్‌లో మేం ఓడాం. దాని గురించి రాయడానికేమీ లేదు.

ఇప్పుడు నా పద్ధతి వేరు. తలకు దెబ్బ తగిలితే బయటికి రావాలి, ఆరోజు మళ్లీ దిగేది లేదు. "ఆడ్తవా" అని ఎవరినీ అడగను. పద్దెనిమిదేళ్లవాణ్ని ఆ ప్రశ్న అడగడమే తప్పు, వాడు ఆడతాననే అంటాడు. బయటికి వచ్చాక మాత్రం అడుగుతాను: ఇది ఏ గ్రౌండ్? ఏ హాఫ్ నడుస్తోంది? చివరి గోల్ ఎవరు కొట్టారు? పోయిన మ్యాచ్ ఎవరితో? గెలిచామా? వేళ్లు లెక్కపెట్టడం తల అదిరినవాడికి కూడా వస్తుంది. అయిదూ సరిగ్గా చెప్పినా బెంచీ మీదే, ఎందుకంటే లక్షణాలు గంటల తర్వాత కూడా బయటపడతాయి. పక్కన ఒకరు కూర్చోవాలి, ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత నడక, పరుగు, బంతితో ఒంటరి ప్రాక్టీసు, డాక్టరు సరేనన్నాకే హెడ్డింగ్. కంకషన్‌కు ప్రత్యేకంగా సబ్‌స్టిట్యూట్‌ను ఇచ్చే వెసులుబాటు 2021లో ప్రయోగంగా మొదలై 2024లో ఆట నిబంధనల్లోకి వచ్చింది. మా టోర్నమెంట్లకు దాని కోసం ఎదురుచూడక్కర్లేదు. బెంచీ వైపు తిరిగితే చాలు.

జకార్తా కథ ఇప్పటికీ చెప్తాను. చివర్లో నేను అతికించిన మాట తీసేశాను. దాని బదులు మా స్టాపర్ కథ చెప్తాను.

పోయిన సీజన్‌లో ఒక మిడ్‌ఫీల్డర్ తలకు మోకాలు తగిలింది. స్కోరు 0-0. బయటికి రమ్మన్నాను. ఏడ్చాడు, షిన్ గార్డు విసిరికొట్టాడు, "మంచిగున్న సార్" అని బతిమాలాడు. కదల్లేదు నేను. ఆ తర్వాతి కార్నర్‌కే గోల్ పడింది, సరిగ్గా వాడు కాపలా కాయాల్సిన చోటి నుంచి. ఇంటికొచ్చేశాం.

రాత్రి తొమ్మిదింటికి వాళ్లింటికి ఫోన్ చేశాను. వాళ్లమ్మ ఎత్తింది.

"అన్నం తిన్నడు సార్. మీ మీద మస్తు కోపం మీదున్నడు. ఆ గోల్ కొట్టిన పిలగాని జెర్సీ నంబర్‌తో సహా చెప్తున్నడు."