కాగితం కాలిన కచేరీ

కోటలో నగలుంటాయి. గుళ్లో హుండీ ఉంటుంది. మరి దొరల కచేరీలో ఏముంటుంది? కాగితాలు! వాటి విలువెంతో 2024 జులై 21న మదనపల్లెకు తెలిసొచ్చింది. ఆ రాత్రి సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి 2 వేలకు పైగా ఫైళ్లు బూడిదయ్యాయి. అది మామూలు ప్రమాదం కాదన్న అనుమానంతో ప్రభుత్వం కేసును సీఐడీకి అప్పగించింది.

ఆ కార్యాలయం నిన్నమొన్నటిది కాదు. 1800లో నిజాం నవాబు సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్లను అణచి, ఊరూరా భూములు కొలిపించాడు. మధ్యలో ఎవరూ లేకుండా రైతు పేరే నేరుగా లెక్కలోకి ఎక్కింది. అదే రైత్వారీ. పేర్లు రాశాక దస్త్రాలు దాచే చోటు కావాలి కదా... కచేరీల అవసరం అలా పెరిగింది. అప్పటి కడప జిల్లాలోని మదనపల్లె 1850లో సబ్‌డివిజన్ కేంద్రమైంది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టినప్పుడు అందులో చేరింది. 2022లో అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. జిల్లా పేరు మారినా భూమి తగాదా వస్తే జనం ఎక్కేది ఈ కచేరీ మెట్లే.

ఆ కాలపు కచేరీల కట్టుబడికి ఓ లెక్కుంది. మందపాటి గోడలు, సున్నం గార, ఎత్తయిన కప్పు, ముందు పొడవాటి వసారా. సీమ ఎండ లోపలికి దూరకూడదు, గాలి ఆడాలి. దొరకు చల్లదనం, దస్త్రానికి భద్రత. అర్జీ పట్టుకొచ్చిన రైతుకు మాత్రం వసారానే దిక్కు!

దొరలు కట్టిన గోడల కంటే వాళ్లు పెట్టిన చుక్కలే ఎక్కువ కాలం వెంటాడుతున్నాయి. సర్వే సమయంలో ఎవరిదో తేలని భూమికి రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. అవే చుక్కల భూములు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్నా, 22ఎ నిషేధిత జాబితాకెక్కితే అమ్ముకోవడానికి ఉండదు, బిడ్డ పెళ్లికి తాకట్టు పెట్టుకోవడానికీ ఉండదు. ఈ చిక్కు విప్పడానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి సాగులో ఉన్నట్టు కాగితం చూపిస్తేనే చుక్క తొలగుతుంది. మరి ఆ కాగితమే కాలిపోతే?

అందుకే మంటలు ఆరాక భూములు పోగొట్టుకున్నామంటూ జనం అర్జీలతో బారులు తీరారు. ఎండను ఆపే గోడలు లోపల పుట్టిన మంటను ఆపలేకపోయాయి.

అయితే పాత పద్ధతిలో ఒక మేలుంది. ఊళ్లో కరణం దగ్గరో లెక్క, తాలూకాలో ఒకటి, జిల్లాలో ఇంకొకటి. ఒకచోట పోయినా మరోచోట ఆనవాలు మిగిలేది. కాలిన ఫైళ్లను తిరిగి కూర్చడానికీ ఇతర కార్యాలయాల్లోని నకళ్లే ఆధారం. మసిబారిన గోడలకు సున్నం కొట్టడం ఎంతసేపు? రైతు పేరు ఉండాల్సిన చోట మరో చుక్క పడకుండా చూడటమే అసలు పని.