అతుకు

మా అన్నయ్య ఇంటి అటకమీద ఒక డ్రమ్ము ఇరవై ఏడేళ్లపాటు బోర్లించి ఉండిపోయింది. 1980వ దశకంలో తెనాలి పరిసరాల శ్రీరామనవమి పందిళ్లలో సినిమా పాటలు వినిపించే ఆర్కెస్ట్రాలో అన్నయ్య జాజ్ డ్రమ్ములు వాయించేవాడు. 1997లో నా బి.ఎడ్. చదువు కోసం వాటిని అమ్మివేశాడు. ఈ ఒక్కదానినీ గుర్తుగా ఉంచుకున్నాడని నేను నమ్ముతూ వచ్చాను.

ఇటీవల అన్నయ్య మనవరాలు దానిని వాయిస్తానన్నది. చెక్క పీపాకు చుట్టిన పాత పొర చీలి, పసుపెక్కి ఉంది. కొత్తది అతికించే పనికి నేను పూనుకున్నాను. 1963లో బీటిల్స్ బృందంలోని రింగో స్టార్ కొన్న డ్రమ్ములది నల్లని ముత్యపుచిప్ప వన్నె. ఆ బొమ్మను అన్నయ్య ఒకప్పుడు గోడకు అంటించుకున్నాడు. ఆ వన్నె పొరనే తెప్పించాను.

మరలు, కమ్ములు విప్పి, దేని స్థానం ఏదో కాగితంమీద గుర్తించుకున్నాను. పాత సెల్యులాయిడ్‌లో కొన్ని రకాలు ఇట్టే అంటుకుంటాయి. అందుచేత జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని దూరంగా పట్టి, గోరువెచ్చన చేసి మెల్లగా లాగాను. వ్యాసం 13 అంగుళాలు. చుట్టుకొలత 41 అంగుళాలకు కాస్త తక్కువ. ఒక కొస మరొకదానిపై ఎక్కడానికి అంగుళంన్నర అదనంగా ఉంచాను. బడిలో ఎన్నడూ నాకు కలిసిరాని గణితం ఇక్కడ కలిసివచ్చింది!

అటుగా వచ్చిన వదిన నవ్వి, "గుర్తుగా ఉంచుకున్నదేమిటయ్యా! పొర చిరిగిందని కొన్నవాడు దీన్ని వెనక్కి ఇచ్చేశాడు. ఇది కూడా పోతే నీ హాస్టలు బాకీ తీరేదని మీ అన్నయ్య ఎన్నాళ్లు బాధపడ్డాడో!" అన్నది.

నేను మాట్లాడలేకపోయాను. జిగురు డబ్బా మూత తీశాను. బల్లలకు సన్‌మైకా అతికించే రబ్బరు జిగురే అది. చెక్కకూ పొరకూ రెండింటికీ పూసి, వేలికి అంటనంతవరకు ఆరనివ్వాలి. తరువాత ఒకటి మరొకదానిని తాకితే చాలు, పట్టేస్తుంది. సవరించుకొనే అవకాశం ఉండదు. ఇదంతా తెలిసి కూడా నా చేయి తొణికింది. చుట్టు పూర్తయ్యేసరికి పొర వాలి, ఒకచోట పావు అంగుళం అంచును దాటి పైకి వచ్చింది. వాయించే ప్లాస్టిక్ తోలు కూర్చునేది ఆ అంచుమీదనే. అక్కడ ఏది అడ్డుపడినా శ్రుతి నిలవదు.

అంతవరకు గుమ్మంలో కూర్చున్న అన్నయ్య లేచి వచ్చాడు. "పీకకురా, చిట్లిపోతుంది" అని బ్లేడు తీసుకొని, హెచ్చుగా ఉన్న భాగాన్ని చెక్కివేశాడు. గరుకు కాగితంతో రుద్ది, కళ్లు మూసుకొని అంచు చుట్టూ అరచేయి తిప్పి చూశాడు. వంకరగా పడిన అతుకు మాత్రం అలాగే కనిపిస్తున్నది.

"దీనిని మరలా చేయిస్తాను అన్నయ్యా" అన్నాను.

"ఎందుకురా? అతుకు వాయించేవాడి వైపు పెడతారు. వినేవాళ్లకు కనబడదు" అన్నాడు.

మనవరాలు పుల్లతో ఒక దెబ్బ కొట్టింది. అన్నయ్య తల అడ్డంగా ఊపి, తాళంచెవి ఇమ్మని నావైపు చేయి చాచాడు. ఎదుటి మరను అరచుట్టు బిగించి, "ఇప్పుడు కొట్టు" అన్నాడు.