కింగ్ హెన్రీస్ రోడ్డు, 10వ నంబరు ఇల్లు

సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు ఫోన్ చేస్తే మొదట తప్పించుకుందామనుకున్నాను. హాస్టల్లో ఉన్న ఏడేళ్ళలో గోడపత్రికకు కూడా నాలుగు ముక్కలు రాసినవాణ్ణి కాను. కానీ మీకు చెప్పాల్సింది ఒకటి ఉంది.

అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి మంజూరైతే ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాను. మొదటి నెలంతా రూపాయల లెక్కతోనే సరిపోయింది. పాల డబ్బా చేతిలోకి తీసుకోవడం, ధరను వందతో హెచ్చవేయడం, మళ్ళీ అక్కడే పెట్టేయడం. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి. వంట మాత్రం కష్టం కాలేదు. ఆదివారాలు కమాటి అన్నకు తోడుగా ఉల్లిగడ్డలు కోసిన చేతులు కదా! ఇంట్లో అయిదుగురం తెలుగువాళ్ళం. మిగతా నలుగురికీ నా పప్పుచారే దిక్కయింది.

చిక్కు ఇంకోచోట వచ్చింది. వచ్చిన వారంలోనే ఒకతను "ఇంటిపేరేంటన్నా?" అని అడిగాడు. చెప్పాను. దాంతో ఏమీ తేలలేదు. "నాన్నగారేం చేస్తారు? ఇంటర్ ఎక్కడ?" ఎటు లాగుతున్నాడో అర్థమైంది. హాస్టల్లో ఉండి చదివానన్నాను. "కార్పొరేట్ కాలేజీ హాస్టలా?" అన్నాడు. "ఆఁ" అన్నాను. ఆ ఒక్క "ఆఁ" కోసం తర్వాత ఎన్ని అబద్ధాలు ఆడానో! ఎవరి పేరు మీద వచ్చిన డబ్బుతో విమానం ఎక్కానో కూడా చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం, "లండన్ చూసొస్తా" అని ఒక్కణ్ణే బస్సెక్కాను. బిగ్ బెన్, థేమ్స్ నది చూశాను. అవి ఫోటోల్లో ఉన్నట్టే ఉన్నాయి. తర్వాత భూగర్భ రైల్లో చాక్ ఫార్మ్ వెళ్ళి, అక్కడినుంచి నడిచి కింగ్ హెన్రీస్ రోడ్డు చేరాను. వరసగా ఆనుకుని కట్టిన పాత ఇళ్ళు. 10వ నంబరు గోడకు గుండ్రటి నీలం పలక. 1921-22లో బాబాసాహెబ్ ఉన్న ఇల్లది.

మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో దాన్ని కొన్నది. జనం వస్తారు, గోల అవుతుందని ఇరుగుపొరుగువాళ్ళు అభ్యంతరపెట్టారు, స్థానిక కౌన్సిల్ మ్యూజియానికి ఒప్పుకోలేదు. అప్పీలు చేస్తే 2020లో అనుమతి వచ్చింది. 1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్ళి అద్దెకు గది దొరక్క ఏడ్చిన మనిషికి, పోయాక కూడా ఇంటి తిప్పలు తప్పలేదు.

లోపల మంచం, పుస్తకాలు, ఫోటోలు. స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో చదువు మధ్యలో ఇండియా వెళ్ళిన ఆయన, బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో, మరికొంత అప్పుతో 1920లో తిరిగొచ్చారు. ఇక్కడ చేసిన పరిశోధన రూపాయి సమస్య మీద. 1923లో అది పుస్తకమైంది. నేనూ రూపాయి గురించే ఆలోచిస్తున్నాను, పాల డబ్బా ముందు నిలబడి! లండన్‌లో రాత్రులు ఆకలేస్తే ఆయన అప్పడాలు కాల్చుకుని తినేవారని ధనంజయ్ కీర్ జీవితచరిత్రలో ఉంది. స్టడీ అవర్ అయ్యాక, దాచుకున్న అన్నంలో కారప్పొడి కలుపుకుని ట్రంకు పెట్టె మూత మీద పెట్టుకుని తిన్న రాత్రులు గుర్తొచ్చాయి. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

వెళ్ళేముందు సందర్శకుల పుస్తకంలో పేరు రాశాను. ఎక్కడినుంచి అన్నచోట లెస్టర్ అని రాసి, కొట్టేసి, ప్రభుత్వ సాంఘిక సంక్షేమ బాలుర వసతి గృహం అని మన బోర్డు మీద ఉన్నట్టే తెలుగులో రాశాను. గడి చాలక పక్క గడిలోకి పోయింది.

రాత్రి ఇంటికొచ్చేసరికి అందరూ మేలుకునే ఉన్నారు. ఏమేం చూశావని అడిగితే నీలం పలక ఫోటో చూపించాను. ఇంటిపేరు అడిగినతను ఫోన్ చాలాసేపు చూసి, "అయితే..." అని ఆగాడు.

"అవునన్నా. మాది గవర్నమెంటు హాస్టల్. ముందు అబద్ధం చెప్పాను" అన్నాను.

మర్నాటినుంచి అతను విడిగా వండుకుంటున్నాడు. మిగతా ముగ్గురూ నా పప్పుచారే తింటున్నారు. మొన్న గిన్నెలు కడుగుతుంటే వాళ్ళలో ఒకతను పక్కకొచ్చి నిలబడ్డాడు. తనూ అయిదో తరగతినుంచి బీసీ హాస్టల్లోనే ఉన్నాడట. "మీకు గుడ్డు వారానికెన్నిసార్లు పెట్టేవాళ్ళన్నా?" అని అడిగాడు.