సౌండ్ లేని పాట

పిన్ని పెళ్లి వీడియోలో అమ్మ మంగళహారతి పాడుతుంది. క్యాసెట్‌ని సీడీకి ఎక్కించినప్పుడు సౌండ్ పోయింది. పళ్లెం పట్టుకుని, కళ్లు సగం మూసుకుని, అమ్మ పెదాలు కదుపుతుంటుంది. చుట్టూ ఆడవాళ్లు మాటలాపి వింటుంటారు. నాకు మాత్రం ఏమీ వినపడదు.

మొన్న రాత్రి 1915 నాటి 'కార్మెన్' చూస్తుంటే ఆ వీడియో గుర్తొచ్చింది. సెసిల్ బి. డెమిల్ తీసిన మూకీ. కార్మెన్‌గా వేసింది జెరాల్డిన్ ఫరార్. 1901లో బెర్లిన్‌లో మొదలుపెట్టి, 1906లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాకి వచ్చిన గాయని. మరుసటి ఏడాది అక్కడ తొలిసారి 'మదామా బటర్‌ఫ్లై' వేసినప్పుడు కరూసో పక్కన ఆమే నాయిక. జనం టికెట్టు కొనేదే ఆ గొంతు కోసం. దాన్ని పక్కన పెట్టేసి కెమెరా ముందుకి రావడమేంటి అనుకున్నాను.

పొగాకు ఫ్యాక్టరీలో ఇంకో అమ్మాయితో కలబడే సీను చూశాక ఆ ప్రశ్న మర్చిపోయాను. ఒపెరాలో ఎంత ఆవేశమొచ్చినా పాటకి సరిపడా ఊపిరి దాచుకోవాలి. ఇక్కడ ఆ లెక్క లేదు. ఒళ్లంతా పెట్టి కొట్లాడుతుంది.

తర్వాత ఆమె గ్రామఫోన్ రికార్డులు విన్నాను. గరగరల వెనక నుంచి ఆ గొంతు. బొమ్మ ఒకచోట, పాట ఒకచోట. అయినా రెండూ మిగిలాయి. 1922లో, నలభయ్యో ఏట, మెట్రోపాలిటన్ నుంచి తప్పుకుంది. 'జెర్రీ ఫ్లాపర్లు' అని పేరుపడ్డ ఆమె అభిమాన అమ్మాయిలు ఘనంగా సాగనంపారు. కచేరీలు ఇంకొన్నేళ్లు చేసింది.

అమ్మకి అలాంటి చివరి రోజంటూ లేదు. పెళ్లిళ్లలో పాడటం ఎప్పుడో మానేసింది. వంటింట్లో మాత్రం కూనిరాగం తీసేది. "అమ్మా, కాస్త ఆపవా, రేపు పరీక్ష" అన్నది నేనే. టెన్త్‌లో. ఆపేసింది. పరీక్షలయ్యాక మళ్లీ పాడమని నేను అడగలేదు.

ఆ రాత్రే ఫోన్ చేశాను.

"పిన్ని పెళ్లిలో పాడింది ఏ హారతమ్మా?"

"ఇప్పుడడుగుతావేంటే? గుర్తులేదు. ఆ వీడియో పంపు, పెదాలు చూసి చెప్తా."

పంపాను. గంట తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. నలభై సెకన్లు. మొదటి పది సెకన్లూ గొంతు సవరించుకోవడమే.